చీనీ తొక్క, నేలలోని బాక్టీరియా, సీసాలోని ఫ్లేవర్

వార్డులో పడుకున్న మనిషిని చూడటానికి వచ్చేవారు ఒట్టి చేతులతో రారు. మనది అనంతపురం సీమ కాబట్టి చాలామంది నాలుగు చీనీకాయలు తెస్తారు. తొందరలో ఉన్నవారు దారిలో ఏదో ఒక అంగడిలో నారింజ బొమ్మ వేసిన డబ్బానో సీసానో కొనుక్కొస్తారు. తొక్క వొలిచినా మూత తీసినా ముక్కుకు తగిలే వాసన దాదాపు ఒకటే. "సిస్టర్, ఇది పండ్ల రసమే కదా, పిల్లోడికి తాపొచ్చా?" అని అడుగుతారు. ఈమధ్య ఫోన్లలో చదివి వచ్చే కుర్రవాళ్లు ఇంకో ప్రశ్న కూడా వేస్తున్నారు: "ఈ ఫ్లేవర్లు బాక్టీరియాతో చేస్తారంట కదా, తాగితే జబ్బు రాదా?"

రెండూ మంచి ప్రశ్నలే. రెండోదానికి జవాబు తెలిస్తే మొదటిదానికి జవాబు సులువవుతుంది. అందుకే ముందు వాసన సంగతి, తర్వాత రోగి గ్లాసు సంగతి చెప్పుకుందాం.

వాసన ఎక్కడుంది?

చీనీ తొక్కను వెలుతురుకు పట్టి చూడండి. సన్నని చుక్కలు కనబడతాయి. ఒక్కో చుక్కా ఒక నూనె తిత్తి. తొక్కను మడిచి దీపం దగ్గర నొక్కితే చిటపటమని మెరుపులు వచ్చేది ఆ నూనె వల్లనే. పిల్లలు ఒకరి కళ్లలోకి ఒకరు పిండుకుని ఏడ్చేదీ దానివల్లనే. ఆ నూనెలో నూటికి తొంభై పాళ్లకు పైగా ఉండే పదార్థం పేరు లిమొనీన్.

లిమొనీన్ వంటి పదార్థాలను టెర్పీన్లు అంటారు. మొక్క ఐదేసి కార్బన్ పరమాణువులున్న ముక్కలను ఒకదానికొకటి జతచేసి వీటిని తయారుచేసుకుంటుంది. లిమొనీన్‌లో అలాంటి ముక్కలు రెండు. ఈ కుటుంబం చాలా పెద్దది. కదిరి మల్లెల వాసనలో ఉండే లినలూల్, కర్పూరం, నీలగిరి తైలంలోని సినియోల్, పుదీనా ఘాటు, అన్నీ దీనిలోవే. జ్ఞానులు బాలయేసు దగ్గరకు తెచ్చిన కానుకల్లో బంగారం పక్కన ఉన్న సాంబ్రాణి, బోళం కూడా చెట్ల నుంచి కారిన బంకలే. వాటి పరిమళమూ ఈ కుటుంబానిదే.

అయితే చెట్టు ఈ నూనెను మన ముక్కు కోసం పెట్టుకోలేదు. ఇది దేవుడు చెట్టుకు ఇచ్చిన కావలి. పురుగు, బూజు, బాక్టీరియా దరిచేరకుండా కాపాడుతుంది. అంటే చిన్న ప్రాణులకు ఇది ఒక రకం విషమే. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ పనికొస్తుంది.

ఇంకో ముచ్చట. తొలకరి చినుకు పడగానే మన ఎర్రనేల నుంచి లేచే మట్టి వాసన మొక్కలది కాదు. నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ తెగ బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిది. అది కూడా టెర్పీన్ల చుట్టమే. 1943లో క్షయకు మందుగా స్ట్రెప్టోమైసిన్ దొరికింది ఈ తెగ నుంచే. బాక్టీరియా అనగానే జబ్బు అనుకునే మనం ఈ రెండు సంగతులూ తెలుసుకోవాలి.

బాక్టీరియా చేసే పని

ఆకులు, తొక్కలు, కాయలు ఏటా నేలమీద రాలుతూనే ఉంటాయి. వాటిలోని నూనె ఎక్కడికి పోతుంది? కొంత ఆవిరవుతుంది. మిగిలినదాన్ని నేలలోని కొన్ని బాక్టీరియా తిని బతుకుతాయి. మిగతా సూక్ష్మజీవులను చంపే నూనె వీటికి తిండి అన్నమాట.

ఈ తిండి లోపల ఎలా మారుతుందో మొదట్లోనే కనిపెట్టినవారిలో మన దేశం వారు ఉన్నారు. పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పి.కె. భట్టాచార్య బృందం ఈ పరిశోధన చేసింది. 1966లో ఆయన, ఆర్.ఎస్. ధవళీకర్ కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. నేల నుంచి తీసిన సూడోమొనాస్ అనే బాక్టీరియాకు లిమొనీన్ పెడితే అది ఏయే పదార్థాలుగా మారుతుందో అందులో వివరించారు. ఆ పని తర్వాత మనకు దగ్గరలో, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సాగింది. 1977లో కె.ఎం. మద్యస్థ, భట్టాచార్య, సి.ఎస్. వైద్యనాథన్ లినలూల్ గురించి ఇలాగే రాశారు. అదే ఏడు జె. రమాదేవి, భట్టాచార్య కలిసి లిమొనీన్ గురించి, గులాబీ వాసననిచ్చే జెరానియోల్ గురించి రాశారు. ఇప్పుడు ప్రపంచమంతా దీని మీద పనిచేస్తున్నారు గానీ, దారి వేసినవారిలో వీరి పేర్లు చెప్పుకోవాలి.

జరిగే పని చూడటానికి చాలా చిన్నది. బాక్టీరియాలో ఎంజైములు ఉంటాయి. అవి పనిముట్ల వంటివి. ఒక ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని లిమొనీన్‌కు ఒకచోట తగిలిస్తుంది. అంతే, వాసన మారిపోతుంది. ఒకచోట తగిలిస్తే కార్వియోల్ అవుతుంది. దాన్ని ఇంకొక మెట్టు ఎక్కిస్తే కార్వోన్, అంటే సోయకూర గింజల వాసన. వేరొకచోట తగిలిస్తే పెరిల్లిక్ ఆమ్లం. ఆక్సిజన్‌కు బదులు నీటిని చేరిస్తే సన్నని పూలవాసన ఉన్న టెర్పినియోల్ వస్తుంది.

టెర్పినియోల్ మీకు కొత్తదేమీ కాదు. డెట్టాల్ సీసా లేబుల్ చదవండి, క్లోరోగ్జైలినాల్ పక్కన దాని పేరు ఉంటుంది. ఆసుపత్రి వాసన అని మనం అనుకునేదానిలో దానికీ వాటా ఉంది. అయితే బజారులోని టెర్పినియోల్ ఎక్కువగా బాక్టీరియాతో చేసింది కాదు, టర్పెంటైన్ నుంచి ఆమ్లాలతో చేసింది.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. కార్వోన్‌లో రెండు రూపాలున్నాయి. రెండింట్లో ఉన్న పరమాణువులు అవే, అమరిక మాత్రం కుడికాలి చెప్పుకూ ఎడమకాలి చెప్పుకూ ఉన్న తేడా. ఒకటి సోయకూర గింజల వాసన, రెండోది టూత్‌పేస్టులో వేసే ఒకరకం పుదీనా వాసన. మన ముక్కు ఆ తేడాను పసిగడుతుంది. రసాయనాలతో వండితే చాలాసార్లు రెండు చెప్పులూ కలిసి వస్తాయి. బాక్టీరియాలోని ఎంజైము మాత్రం సాధారణంగా ఒకే కాలి చెప్పును కుడుతుంది. కంపెనీలకు బాక్టీరియా మీద ఆశ పుట్టడానికి ఇదొక కారణం.

మధ్యలో ఆపడమే కష్టం

చెప్పినంత సులువైతే మన జిల్లా చీనీ తొక్కలన్నీ ఈపాటికి ఫ్యాక్టరీలకు పోయేవి. మూడు చిక్కులున్నాయి.

పాలు తోడుకుంటే పెరుగు. సమయానికి తీయకపోతే పులిసిపోతుంది. బాక్టీరియా కూడా అంతే. దానికి కావలసింది తిండిగానీ మన ఫ్లేవర్ కాదు. కార్వియోల్ దగ్గర ఆగకుండా చివరిదాకా తినేసి బొగ్గుపులుసు వాయువు, నీరు మిగులుస్తుంది. కాబట్టి తర్వాతి మెట్టు ఎక్కలేని బాక్టీరియాను వెతికి పట్టుకోవాలి. 2001లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు రోడోకాకస్ అనే బాక్టీరియా ఒకటి లిమొనీన్‌ను కార్వియోల్ వరకే మార్చి ఆగుతుందని చూపించారు.

రెండో చిక్కు, ఇందాక గుర్తుంచుకోమన్నది. ఆ నూనె విషం. కాస్త ఎక్కువైతే దాన్ని తినే బాక్టీరియాకు కూడా పైపొర కరిగి చచ్చిపోతుంది. పైగా ఆ నూనె నీళ్లలో కలవదు, గాలికి ఎగిరిపోతుంది. దీనికి బ్రెజిల్‌లోని కంపినాస్‌లో, నారింజ తోటల సీమలో, ఒక ఉపాయం చేశారు. బాక్టీరియా ఉన్న నీటిమీద పొద్దుతిరుగుడు నూనె పోసి అందులో లిమొనీన్ కలిపారు. నూనె గోదాములాగా పనిచేస్తుంది. కొంచెం కొంచెంగా కిందికి వదులుతుంది, తయారైన టెర్పినియోల్‌ను తిరిగి తనలోకి తీసుకుంటుంది. 2010లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం లీటరు నూనెలో 130 గ్రాముల టెర్పినియోల్ దాకా చేరింది. ఇలాంటి పనుల్లో అది పెద్ద అంకె. మనం వంటింట్లో వాడే పొద్దుతిరుగుడు నూనెకు ఇలాంటి ఉద్యోగం ఉందని నాకైతే భలే సంతోషం కలిగింది.

మూడో చిక్కు డబ్బు. టర్పెంటైన్ నుంచి రసాయనాలతో చేసేది చవక. మరి ఎందుకు ఇంత పాట్లు? లేబుల్ కోసం. మొక్క పదార్థాన్ని సూక్ష్మజీవులతోనో ఎంజైములతోనో మార్చి తీసిన ఫ్లేవర్‌ను "నేచురల్" అని పిలవడానికి యూరప్, అమెరికా చట్టాలు ఒప్పుకుంటాయి. అదే పదార్థాన్ని రసాయనాలతో చేస్తే ఒప్పుకోవు. లోపలి పదార్థం ఒకటే అయినా "నేచురల్" మాటకు ధర ఎక్కువ. కాబట్టి డబ్బా మీద "నేచురల్ ఫ్లేవర్" అని ఉంటే, లోపల పండు ఉందని అర్థం కాదు. ఆ వాసన ఏ దారిన వచ్చిందో మాత్రమే ఆ మాట చెబుతుంది.

మరి జబ్బు రాదా?

బాక్టీరియాతో చేసిన ఫ్లేవర్ వల్ల అంటువ్యాధి రాదు. తయారైన పదార్థాన్ని వేరుచేసి శుద్ధి చేస్తారు. బాక్టీరియా తొట్టిలోనే ఉండిపోతుంది. మీ ఇంట్లో షుగరు ఉన్నవారు వేసుకునే ఇన్సులిన్ కూడా బాక్టీరియాతోనో ఈస్ట్‌తోనో చేసిందే. 1982 నుంచి అలా చేసిన ఇన్సులిన్ వాడకంలో ఉంది. దానికి ఎవరూ భయపడటం లేదు కదా.

సూడోమొనాస్ పేరు వినగానే మాత్రం మా నర్సులకు వేరే గుర్తొస్తుంది. ఈ ఇంటిపేరు ఉన్న ఒక బంధువు, సూడోమొనాస్ ఎరుజినోసా, కాలిన గాయాల్లో చేరుతుంది. కట్టు విప్పితే దూదికి ఆకుపచ్చ మరక, ద్రాక్షపండ్లు మురిగినట్టు ఒక తీపి వాసన. ఫ్లేవర్ల పనిలో ఎక్కువగా వాడేది సూడోమొనాస్ పుటిడా, నేలలో బతికే సాధువు. కానీ మొదటివాడు గట్టివాడు. ఎక్కువ నీళ్లు కలిపిన యాంటీసెప్టిక్ మందులో కూడా బతకగలడు. మంచం కింద మగ్గులో డెట్టాల్ నీళ్లు కలిపి మూడు రోజులు అవే వాడేవారు ఉన్నారు. వాసన వస్తోంది కాబట్టి పనిచేస్తోందనుకుంటారు. ఆ నీళ్లు ఏ రోజువి ఆ రోజు పారబోయండి. పుండు కడగడానికి ఏం వాడాలో సిస్టర్‌ను అడగండి.

మన కాలేయమూ అదే పని చేస్తుంది

1960ల్లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఐ.సి. గన్సలస్ బృందం కర్పూరం తిని బతికే సూడోమొనాస్ పుటిడాను పరిశీలించింది. కర్పూరానికి ఆక్సిజన్ తగిలించే దాని ఎంజైము పి-450 అనే కుటుంబానికి చెందినది. అదే కుటుంబపు ఎంజైములు మన కాలేయంలో ఉన్నాయి. మనం చీనీ తొక్కతో పాటు మింగిన లిమొనీన్‌ను కూడా కాలేయం పెరిల్లిక్ ఆమ్లంగా మారుస్తుంది. బాక్టీరియా తొట్టిలో చేసే పనే మన పొట్టలో కుడిపక్కన జరుగుతోందన్నమాట. మందులను మార్చి బయటికి పంపేదీ ఈ ఎంజైములే.

ఇది తెలిస్తే రెండు సంగతులు అర్థమవుతాయి.

మొదటిది కర్పూరం. పసిబిడ్డ కాలేయానికి ఈ శక్తి ఇంకా పూర్తిగా రాదు. జలుబు చేసిందని కొబ్బరి నూనెలో కర్పూరం కరిగించి నెలల బిడ్డ ఛాతీకి, ముక్కు దగ్గర పూసే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. రెండేళ్లలోపు బిడ్డకు అది వద్దు. కర్పూరం చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది. ఇక పటిక బెల్లం అనుకుని కర్పూరం బిళ్ల నోట్లో వేసుకుంటే నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. ఒక గ్రాము కర్పూరం చిన్నబిడ్డ ప్రాణం తీయగలదు. నీలగిరి తైలం ఒక చెంచా మింగినా ప్రమాదమే. అలా జరిగితే వాంతి చేయించకండి, పాలు పోయకండి. 108కి ఫోన్ చేయండి. మింగిన డబ్బానో సీసానో వెంట తీసుకుని రండి. పూజగదిలో ఉన్నా, పెట్టెలో బట్టల మధ్య ఉన్నా, కర్పూరం పిల్లల చేతికి అందని ఎత్తులో ఉండాలి. చెట్టు నుంచి వచ్చింది కదా, ఏం కాదులే అనే మాట ఇక్కడ చెల్లదు.

రెండోది పంపరపనస. ఈ పండులోను, దాని చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్‌లోను ఉండే కొన్ని పదార్థాలు పి-450 ఎంజైముల్లో ఒకదాని పనిని ఆపేస్తాయి. అవి వాసననిచ్చే టెర్పీన్లు కావు, వేరేవి. ఎంజైము ఆగితే కొలెస్ట్రాల్‌కు, రక్తపోటుకు వాడే కొన్ని మందులు ఒంట్లో ఎక్కువగా నిలిచిపోతాయి. గుండె జబ్బుకు, బీపీకి మందులు వాడేవారు ఈ పండు తినేముందు డాక్టరుగారిని అడగాలి.

ఇక రోగి గ్లాసు

ఫ్లేవర్ అంటే చాలా కొంచెం పదార్థం. సీసా మొత్తానికి వాసన పట్టించడానికి చుక్కలు చాలు. ఆ చుక్కల్లో విటమిన్ లేదు, లవణాలు లేవు, బలం లేదు. హాని కూడా పెద్దగా లేదు. సమస్య ఫ్లేవర్‌తో కాదు, ఆ వాసనను నమ్మి మనం తాపించే చక్కెర నీళ్లతో.

విరేచనాలు అవుతున్న బిడ్డకు ఇది ప్రాణాల మీదికి వస్తుంది. మామూలు కూల్‌డ్రింకులో లీటరుకు సుమారు 100 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. దానితోపాటు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. ఈ పాళ్లలో ఉంటేనే గ్లూకోజు, ఉప్పు జతగా పేగు గోడలోంచి లోపలికి పోతూ నీటిని వెంట తీసుకెళ్తాయి. చక్కెర మరీ ఎక్కువైతే పని తలకిందులవుతుంది. ఒంట్లోని నీరు పేగులోకి వచ్చి విరేచనాలు పెరుగుతాయి. తల్లి మాత్రం, తాపిస్తున్నాను కదా అని ధైర్యంగా ఉంటుంది.

ఇంకా బాధపడవలసింది, ఇలాంటి తీపి డ్రింకుల్లో కొన్ని "ఓఆర్ఎస్" అనే అక్షరాలు పేరులో పెట్టుకుని ఏళ్ల తరబడి మందుల షాపుల్లోనే అమ్ముడుపోయాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్లపాటు పోరాడారు. తెలంగాణ హైకోర్టుకు కూడా వెళ్లారు. చివరికి 2025 అక్టోబరు 14న దేశ ఆహార భద్రత సంస్థ ఆదేశం ఇచ్చింది. అసలు ఓఆర్ఎస్ కాని పానీయాల పేరులో ఆ అక్షరాలు వాడకూడదని చెప్పింది. ఒక డాక్టరమ్మ పట్టుదల ఎందరు పిల్లలకు మేలు చేసిందో లెక్క కట్టలేం.

కొనేటప్పుడు ముందు వైపు బొమ్మ చూడకండి, వెనక వైపు తిప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందా, ఎన్ని నీళ్లలో కలపాలో రాసి ఉందా చూడండి. చదవడం రాకపోతే మా దగ్గరకు తెండి, చదివి చెబుతాం. అసలైన ఓఆర్ఎస్ పొడికి కూడా నారింజ ఫ్లేవర్ ఉండవచ్చు, దానితో ఇబ్బంది లేదు. పాళ్లు సరిగా ఉంటే చాలు. ఆరోగ్య కేంద్రంలో, ఆశా కార్యకర్త దగ్గర దొరికే పొట్లం బజారులోని ఏ రంగుల సీసా కన్నా మేలు.

లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే, మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి ఇప్పుడు, సగం రేపు అంటే పాళ్లు తప్పుతాయి. కాచి చల్లార్చిన నీళ్లు వాడండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్దవారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు, చెంచాతోనో గుక్కలుగానో పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపకండి. పొట్లం దొరకని రాత్రి అయితే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపండి. బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోతున్నా, కళ్లు లోపలికి పోయినా, మలంలో రక్తం కనబడినా ఇంట్లో ఉంచుకోకుండా తీసుకురండి.

ఇక మీరు తెచ్చిన చీనీకాయలు. విరేచనాలు తగ్గాక పండుగానే తినిపించండి. రసం తీసి చక్కెర కలపడం కన్నా తొనలు తినడం మంచిది. కిడ్నీ జబ్బుతో ఉన్నవారికి మాత్రం, చీనీలో పొటాషియం ఉంటుంది కాబట్టి, డ్యూటీ సిస్టర్‌ను అడిగాకే తొక్క వొలవండి.